పెన్న ఇసుక నుంచి అందరి పాఠం దాకా

నెల్లూరు నుంచి పెన్న వంతెన దాటి ఉత్తరానికి వస్తే మా కోవూరు. నూరేళ్ళ కిందట ఈ పక్క ఊళ్ళలో పిల్లవాణ్ణి బడిలో వేయాలంటే పలక కొననక్కర్లేదు. ఏటి ఇసుకను జల్లెడ పట్టి అరుగు మీద పలచగా పరిస్తే అదే పలక, పిల్లవాడి వేలే బలపం. మా తాతయ్య అట్లాంటి వీధిబడిలోనే ఓనమాలు దిద్దుకున్నాడు. పెద్దవయసులో చూపు పోయాక కూడా నేల మీద వేలితో సంతకం చేసి చూపించేవాడు. "అయ్యోరు నా వేలు పట్టుకోని ఇసకలో తిప్పతా ఉంటే, ఆ గీత వేల్లోంచే బుర్రలోకి పోయిందమ్మా, కళ్ళతో పనేముండాది దానికి" అనేవాడు.

నేను 1989లో కోవూరు ప్రాంతంలో ప్రాథమిక పాఠశాల టీచరుగా చేరి, ఈ చుట్టుపక్కలే పనిచేసి రిటైరయ్యాను. చివరి ఏళ్ళలో శిక్షణా తరగతుల్లో 'యూనివర్సల్ డిజైన్' అనే మాట తరచుగా వినపడేది. పాఠాన్ని మొదటే అందరికీ అందేటట్లు తయారుచేసుకోవాలి. చూపు తక్కువైనవాళ్ళకు, వినపడనివాళ్ళకు, నెమ్మదిగా నేర్చుకునేవాళ్ళకు, ఇంట్లో వేరే మాట మాట్లాడే పిల్లలకు వేరే పాఠం చెప్పనవసరం లేకుండా ఒకే పాఠంలో అందరికీ దారి ఉండాలి. దాని సారాంశం ఇది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఇది పైనుంచి దిగిన ఇంకో సర్క్యులర్ అనుకుంటున్నారు. నాకు మాత్రం ఇందులోని ఒక్కొక్క ముక్కా మన నేల మీద ఎవరో ఒకరు ఏనాడో చేసి చూపించిందే అనిపిస్తుంది. లోపం ఎక్కడ జరిగిందంటే, ఒకరు ఒక తలుపు తీసినప్పుడల్లా ఇంకొకటి మూసుకునే ఉండిపోయింది. అన్నీ ఒకేసారి తెరిచిన బడి మనకు ఇంకా రాలేదు. ఆ చరిత్ర తెలిస్తే ఇప్పుడు చేయవలసిన పని తేటగా కనపడుతుందని నా నమ్మకం.

అరుగు మీది బడి

వీధిబడి ఎట్లా నడిచేదో మనకు వివరంగా తెలియడానికి ఒక కారణం థామస్ మన్రో. మద్రాసు గవర్నరుగా ఉన్న ఆయన 1822లో జిల్లా కలెక్టర్లందరినీ వాళ్ళ జిల్లాల్లోని బడుల వివరాలు పంపమని అడిగాడు. నెల్లూరుతో సహా జిల్లాలన్నిటి నుంచీ జవాబులు వచ్చాయి. 1826లో మన్రో వాటినన్నిటినీ కూడి చూస్తే ప్రెసిడెన్సీ మొత్తంలో 12,498 బడులు తేలాయి. జనాభాలో 67 మందికి ఒకరు బడిలో ఉన్నారని లెక్క.

ఆ జవాబుల్లో అన్నిటికన్నా వివరమైనది బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక. అప్పటి బళ్ళారి జిల్లాలో ఇప్పటి అనంతపురం కూడా కలిసి ఉండేది. అక్కడ 533 బడులుంటే వాటిలో 226 తెలుగు బడులు. పిల్లవాడికి ఐదో ఏట మంచిరోజు చూసి బియ్యంలో వేలితో రాయించి చదువు మొదలుపెట్టేవారు. తరువాత ఇసుక, ఆ తరువాత తాటాకు, గంటం. పిల్లల్ని వయసును బట్టి కాకుండా వాళ్ళు ఎంతవరకు వచ్చారన్నదాన్ని బట్టి జట్లుగా కూర్చోబెట్టేవారు. పెద్ద జట్టులోని పిల్లలు చిన్న జట్టుకు నేర్పితే, అయ్యవారు పెద్ద జట్టును చూసుకుంటూ అందరి మీదా ఒక కన్ను వేసి ఉంచేవాడు.

ఒక టీచరుగా ఆ వర్ణన చదివినప్పుడు నాకు కొన్ని సంగతులు కొట్టొచ్చినట్లు కనపడ్డాయి. అక్షరం ఆ బడిలో ఒకే దారిన రాలేదు. కన్ను చూసింది, చెవి విన్నది, నోరు పలికింది, వేలు తడిమింది. ఇసుకలో తప్పు రాస్తే అరచేత్తో చెరిపేయడమే, కొట్టివేత మచ్చ మిగలదు. ఒకడు నెల రోజుల్లో గుణింతం దాటితే ఇంకొకడు ఆరునెలలు అక్కడే ఉండవచ్చు, ఎవడి నడక వాడిది. పక్కన కూర్చున్న పెద్ద పిల్లవాడు తానూ నిన్నమొన్ననే ఆ మెట్టు ఎక్కినవాడు గనక, చిన్నవాడికి కాలు ఎక్కడ జారుతుందో వాడికి తెలుసు.

అంత చక్కటి బడికి రెండు పెద్ద దోషాలున్నాయి. మొదటిది అర్థం. పిల్లలు కంఠస్థం చేసిన పద్యాల్లో ఒక్క ముక్కకూ అర్థం తెలియదని క్యాంప్‌బెల్ బాధపడ్డాడు. అదే కాలంలో ఒంగోలు ప్రాంతం నుంచి వెళ్ళి మద్రాసు సదర్ కోర్టులో దుబాసీగా పనిచేసిన వెన్నెలకంటి సుబ్బారావు కూడా ఇదే మాట అన్నాడు. 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి ఇచ్చిన నివేదికలో, తెలుగు పిల్లలు అర్థం తెలియకుండా వల్లెవేయడంలో ఏళ్ళకేళ్ళు పోగొట్టుకుంటున్నారని ఆయన రాశాడు. స్వయంగా అట్లాంటి బడుల్లోంచి వచ్చినవాడి మాట అది.

రెండోది ఇంకా పెద్దది. బళ్ళారి జిల్లా బడుల్లో 6,641 మంది చదువుతుంటే ఆడపిల్లలు 60 మంది. మాలపల్లె పిల్లలకు, మాదిగపల్లె పిల్లలకు, మా వైపు ఏటి ఒడ్డున చేపలు పట్టుకునే యానాది పిల్లలకు ఆ అరుగు దగ్గరికి వచ్చే వీలే లేదు. కళ్ళు కనపడని బిడ్డకు ఇసుక మీద అక్షరం చక్కగా అందేదే, అయితే అట్లాంటి బిడ్డను బడికి పంపాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. అంటే లోపల పాఠం అందరికీ సరిపోయేటట్లు ఉంది, వాకిలి మాత్రం కొందరికే తెరిచి ఉంది.

మద్రాసు నుంచి లండన్‌కు

మన వీధిబడి ప్రపంచం చుట్టి వచ్చింది. 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమానికి పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతాధికారి, ఒకరోజు అక్కడి దేశీయ బడిలో పిల్లలు నేల మీద ఇసుకలో రాయడం చూశాడు. తన దగ్గర కూడా అట్లాగే చేయించబోతే ఉపాధ్యాయులు ఒప్పుకోలేదు. అప్పుడాయన ఎనిమిదేళ్ళ కుర్రవాడు జాన్ ఫ్రిస్కెన్ చేత చిన్నపిల్లలకు చెప్పించాడు. ఆ ప్రయోగాన్ని 1797లో లండన్‌లో పుస్తకంగా అచ్చేశాడు. 'మద్రాసు పద్ధతి' పేరుతో అది ఇంగ్లండులో వందల బడులకు పాకింది. ఇక్కడి బడుల పొదుపూ, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పే తీరూ ఇంగ్లండు అనుకరించదగినవేనని క్యాంప్‌బెల్ కూడా మెచ్చుకున్నాడు.

అయితే అక్కడికి వెళ్ళేసరికి దాని స్వభావం మారిపోయింది. ఒక పెద్ద హాలులో వందల మందిని వరుసల్లో కూర్చోబెట్టి, తక్కువ ఖర్చుతో ఒకే పాఠాన్ని ఒకే సమయంలో చెప్పించే యంత్రం అయింది. మన అరుగు మీద ఎవరి నడక వాళ్ళదిగా ఉన్నది అక్కడ అందరిదీ ఒకే అడుగు అయింది. తరువాత మన దేశానికి తిరిగి వచ్చిన బడి ఆ రెండో రకానిదే.

ఎదుటి గోడ

1854 నాటి ఉడ్ తాఖీదు తరువాత ప్రభుత్వ విద్యాశాఖలు ఏర్పడ్డాయి. 1860ల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి వచ్చింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష పెడతాడు, ఎంతమంది గట్టెక్కితే బడికి అంత డబ్బు. గట్టెక్కేటట్లు కనపడని పిల్లవాడు ఆ లెక్కలో అయ్యవారికి బరువైపోయాడు. నెమ్మదిగా నేర్చుకునేవాణ్ణి వెనక్కి నెట్టడం మన బడుల్లో అలవాటుగా మారడానికి ఈ గ్రాంటు పద్ధతి చాలా కారణమని నేననుకుంటాను.

తరగతులు వచ్చాయి, ఒక తరగతికి ఒక పుస్తకం, ఒక ఏడాది, ఒక పరీక్ష. ఎదుటి గోడకు నల్లబల్ల వచ్చింది. నల్లబల్లను నేను తక్కువ చేయను, బ్రతుకంతా దాని మీదే రాశాను. కానీ ఎవరి ముందు వాళ్ళ ఇసుక ఉన్న బడికీ అందరూ ఒకే గోడ వైపు చూడవలసిన బడికీ ఉన్న తేడా పెద్దది. గోడ ముందున్నవాడికి దగ్గర, వెనుకున్నవాడికి దూరం. చూపు మందగించిన పిల్లవాడికి ఆ గోడ లేనట్లే.

ఇదే కాలంలో ఇంకో వైపు వాకిళ్ళు తెరుచుకోవడం మొదలైంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు వచ్చాడు. మిషన్ బడుల్లో ఆడపిల్లలూ దళితుల పిల్లలూ కూర్చున్నారు. కొత్త బడి పాఠాన్ని ఇరుకు చేసింది, వాకిలిని వెడల్పు చేసింది. ఈ రెండు సంగతులూ ఒకే చరిత్రలో భాగాలే. ఒకదాన్ని చూసి పాత వీధిబడిని ఆకాశానికెత్తడం, ఇంకొకదాన్ని చూసి దాన్ని పూర్తిగా తీసిపారేయడం రెండూ సరికావు.

వాకిలి తీసినవాళ్ళు

మా నెల్లూరు జిల్లాలో ఇరవయ్యో శతాబ్దం మొదటి సగమంతా వాకిళ్ళు తీసినవాళ్ళ కథ. పొట్లపూడిలో కాపురమున్న పొణకా కనకమ్మ చిన్నతనంలోనే పెళ్ళయి బడికి దూరమై, స్వయంకృషితో చదువుకున్న మనిషి. ఆమె 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం స్థాపించింది. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. తనకు దొరకనిదాన్ని తరువాతి వాళ్ళ కోసం నిలబెట్టిన ఆమె పట్టుదల మా అమ్మమ్మల తరానికి చదువు దారి చూపింది.

కోవూరు తాలూకా అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య, కలిగిన రైతు కుటుంబం బిడ్డ అయి ఉండీ, తన ఊళ్ళో వ్యవసాయ కూలీల కోసం రాత్రి బడి నడిపారు. పగలంతా మడిలో వంగిన మనిషికి పది గంటల బడి ఎందుకూ పనికిరాదు. బడి గంట మార్చకుండా "వాళ్ళు చదువుకోరు" అనడం అన్యాయం. చదువుకునేవాడి రోజును బట్టి బడి వేళ పెట్టడం చిన్న మార్పులా కనపడుతుంది గానీ, పాఠాన్ని మనిషి దగ్గరికి తీసుకుపోవడంలో మొదటి అడుగు అదే.

నెల్లూరువాడే అయిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల కోసం జీవితాన్ని ధారపోశాడు. పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసిన నేరజాతుల చట్టం రద్దు కావాలని పోరాడినవాళ్ళలో ఆయన ముందువరసలో ఉన్నాడు. 1952లో ఆ చట్టం పోయింది. బిడ్డను బడిలో చేర్చే ముందు వాళ్ళ జాతి మీది ముద్రను తుడిచేయవలసి వచ్చిందంటే, ఆ వాకిలి ఎంత బరువైనదో అర్థమవుతుంది.

నా తరగతిలో యానాది పిల్లలుండేవారు. ఒక పాప మూడో తరగతిలో లెక్కల పాఠం వస్తే నోరు తెరిచేది కాదు. ఒకరోజు వాళ్ళ అవ్వ బడికొచ్చి "మా బిడ్డకి చదువేడొస్తాది టీచరమ్మా, మేం ఏట్లో బతికేవాళ్ళం" అంది. నేను ఆ పాపను పెన్నలో దొరికే చేపల గురించి అడిగాను. ఏ చేప ఏ నెలలో వస్తుందో, ఏది ఎంత తూగుతుందో, వలలో పడినవాటిని ఎట్లా కుప్పలు పోసి పంచుకుంటారో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. భాగహారమంతా ఆ పాప చేతుల్లోనే ఉంది. మరునాటి నుంచి తరగతి మొత్తం చింతగింజలను చేపలనుకుని కుప్పలు పోసి లెక్కలు చేసింది. ఆ పాప ఒక్కదానికే కాదు, రెడ్ల పిల్లలకూ, కోమట్ల పిల్లలకూ కూడా భాగహారం ఆ నెలలోనే పట్టుబడింది.

మాట అనే మెట్టు

బడి వాకిలి దాటిన పిల్లవాడికి తరువాత అడ్డం వచ్చేది పుస్తకంలోని మాట. దీన్ని గుర్తించి పోరాడినవాడు గిడుగు రామమూర్తి. అప్పటి గంజాం జిల్లా పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన అక్కడి గిరిజనులైన సవరల భాష నేర్చుకున్నాడు, సవర పిల్లలకు బడులు పెట్టాడు, వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాశాడు. తెలుగు పిల్లల పుస్తకాల్లో కూడా శిష్టులు మాట్లాడే భాషే ఉండాలని జీవితాంతం వాదించాడు. మన్యం మలేరియాకు వాడిన క్వినైను వల్ల ఆయన చెవులు వినపడకుండా పోయాయి. వినికిడి పోయిన మనిషి, జనం నోట వినపడే మాట బడిలోకి రావాలని అంతగా పట్టుబట్టాడని తలచుకున్నప్పుడల్లా నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మా వైపు పిల్లలు 'ఉండాది' అంటారు, 'వస్తుండారు' అంటారు. బడిలో చేరిన మొదటి రోజే ఆ మాట తప్పని చెబితే పిల్లవాడు మాట్లాడడమే మానేస్తాడు. ముందు వాడి మాటతో పాఠం మొదలుపెట్టి, మెల్లగా పుస్తకపు మాట పక్కన పెడితే రెండూ వాడివవుతాయి. 2020 తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా అచ్చయిన పాఠ్యపుస్తకాలు వచ్చాయి. మాధ్యమం గురించి ఎన్ని వాదాలున్నా, ఒకే పాఠానికి రెండు దారులుంచడం మటుకు గిడుగు చూపిన బాటలోదే.

అక్షర దీపం

పాఠం చదువుకునేవాళ్ళ బ్రతుకులోంచి పుడితే ఏమవుతుందో మా జిల్లా దేశానికే చూపించింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం 'అక్షర దీపం' పేరుతో నడిచింది. కళాజాతాలు ఊరూరా తిరిగి పాటలు పాడి, నాటకాలు ఆడి జనాన్ని చదువు వైపు పిలిచాయి. చీకటి పడ్డాక పనులు ముగించుకున్న ఆడవాళ్ళు లాంతరు చుట్టూ చేరేవారు. మేము టీచర్లం కూడా వలంటీర్లకు తోడుగా వెళ్ళేవాళ్ళం. చదువు రానివాళ్ళు పాట వినేవారు, నాటకం చూసేవారు, బొమ్మ చూసి మాట్లాడేవారు, తరువాత ఆ మాటనే అక్షరంలో పట్టుకునేవారు.

ఆ పాఠాల్లో ఒకటి సీతమ్మ కథ. సారా వల్ల చితికిన సంసారం కథ అది. చదివిన ప్రతి ఆడమనిషికీ అది తన ఇంటి కథే అయింది. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. వాళ్ళు చేసిన పని 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే ఇంకో పాఠమై మిగిలిన ఊళ్ళకు చేరింది. 1992లో జిల్లా అంతా సారా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

విద్యారంగంలో ఉన్న నాకు ఆ ఉద్యమం నేర్పిన పాఠం ఒకటుంది. అన్నేళ్ళు చదువుకు దూరంగా ఉన్న ఆడవాళ్ళకు బుర్ర లేక కాదు, వాళ్ళ కోసం రాసిన పాఠం లేక చదువు రాలేదు. పాఠం మారగానే నెలల్లో వాళ్ళు చదివారు, చదివినదాన్ని పట్టుకుని ప్రభుత్వాన్నే కదిలించారు. "ఈ పిల్లకు చదువు రాదు" అని ఎవరైనా అన్నప్పుడల్లా నేను ముందుగా పాఠం వైపు చూడడం అక్కడే మొదలైంది.

ఆరు సూత్రాలు

నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం రాష్ట్రమంతటికీ విస్తరించింది. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1984లో కొన్ని జిల్లాల్లో ప్రయోగంగా మొదలైన పథకం అది. గదుల కట్టడమూ ఉంది గానీ, దాని ప్రాణం ఆరు బోధనా సూత్రాలు. టీచరు స్వయంగా కృత్యాలు తయారుచేయాలి. పిల్లలు చేసి, వెతికి, పరీక్షించి నేర్చుకోవాలి. ఒంటరిగానూ, జట్లుగానూ, తరగతి మొత్తంగానూ పని చేయించాలి. పిల్లల మధ్య ఉండే తేడాలకు తగిన ఏర్పాటు చేయాలి. పరిసరాలను వాడుకోవాలి. పిల్లలు చేసినవాటిని ప్రదర్శించి తరగతి గదిని ఆకర్షణీయంగా ఉంచాలి.

ఆ శిక్షణ నుంచి తిరిగివచ్చిన నెలల్లో మా బడుల రంగే మారింది. గోడలకు తాళ్ళు కట్టి పిల్లల బొమ్మలు వేలాడదీశాం. ఆకులు, గింజలు, గవ్వలు సంచుల్లో చేరాయి. దగ్గరి బడుల టీచర్లం ఉపాధ్యాయ కేంద్రంలో కలిసి మా కృత్యాలు ఒకరికొకరు చూపించుకునేవాళ్ళం. కానీ ఆరింటిలో నాలుగో సూత్రమే అన్నిటికన్నా బరువైనది. గోడకు బొమ్మ తగిలించడం ఒక పూట పని. యాభైమంది పిల్లల మధ్య తేడాలను చూసి ముందే ఏర్పాటు చేసుకోవడం ఏడాది పొడుగునా ఆలోచించవలసిన పని. చాలా బడుల్లో పథకం పోయిన తరువాత తాళ్ళు మిగిలాయి, నాలుగో సూత్రం జారిపోయింది.

ఆ సూత్రాన్ని పట్టుదలగా పట్టుకున్నచోటు అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ. పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివర నుంచి చుట్టుపక్కల పల్లెల్లో ఒకే టీచరున్న బడుల కోసం కార్డుల పద్ధతి తయారుచేశారు. పాఠాలన్నీ చిన్న చిన్న కార్డులుగా, ఒక నిచ్చెన మీది మెట్లలా అమరి ఉంటాయి. పిల్లవాడు తాను ఏ మెట్టు మీదున్నాడో తానే చూసుకుని తన కార్డు తీసుకుంటాడు. జ్వరమొచ్చి పదిరోజులు రాకపోయినా, కోతలకు వెళ్ళినా, వదిలిన మెట్టు నుంచే మొదలుపెడతాడు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు సాయపడతారు. అరుగు మీది బడిలోని మంచి అంతా అక్కడ అర్థంతో కలిసి తిరిగి వచ్చింది, ఈసారి అన్ని కులాల పిల్లలతో, ఆడపిల్లలతో. తమిళనాడుతో సహా చాలాచోట్ల ప్రభుత్వ బడులు ఆ పద్ధతిని తెచ్చుకున్నాయి.

మెట్ల పక్కన వాలుబాట

ఇన్ని జరిగినా ఒక వాకిలి మాత్రం చాలాకాలం మూసే ఉంది. అది వైకల్యం ఉన్న పిల్లలది. నేను పనిచేసిన ఒక బడికి వరండా ఎక్కాలంటే మూడు మెట్లుండేవి. పోలియో వచ్చిన ఒక బాబును వాళ్ళ నాన్న భుజాన మోసుకొచ్చి దించేవాడు. ఆయన కూలికి వెళ్ళిన రోజు బాబు రాడు. హాజరు పట్టీలో అది బాబు గైర్హాజరుగా పడేది. అసలు గైర్హాజరైంది వాలుబాట. సర్వశిక్షా అభియాన్ డబ్బుతో అది కట్టిన తరువాత బాబు వాళ్ళ నాన్నతో పనిలేకుండా మూడు చక్రాల బండిలో వచ్చాడు. ఇంకో సంగతి కూడా చూశాను. మధ్యాహ్నభోజనం వండే ఆమె అన్నపు డేగిసా ఆ బాట మీదే తెచ్చేది. ఒకటో తరగతి బుడతలు అటే పరుగెత్తేవారు. మనవల కోసం వచ్చే ముసలివాళ్ళు అటే నడిచేవారు. ఒకడి కోసం కట్టినది ఊరందరిదయింది.

యూనివర్సల్ డిజైన్ అనే ఆలోచన పుట్టింది ఇట్లాంటి అనుభవం నుంచే. తొమ్మిదో ఏట పోలియో బారినపడి చక్రాల కుర్చీలో చదువుకున్న అమెరికన్ వాస్తుశిల్పి రాన్ మేస్, భవనాలను మొదటే అందరికీ పనికివచ్చేటట్లు కట్టాలని వాదించాడు. ఆయనా, తోటివాళ్ళూ నార్త్ కరోలినాలో 1997లో ఏడు సూత్రాలను ప్రకటించారు. 1984లో మసాచుసెట్స్‌లో మొదలైన క్యాస్ట్ అనే సంస్థలో డేవిడ్ రోజ్, యాన్ మేయర్ మొదలైనవాళ్ళు దాన్ని పాఠానికి తీసుకొచ్చారు. మొదట్లో వాళ్ళూ ఒక్కొక్క పిల్లవాడికి ఒక్కొక్క పరికరం అమర్చి, వాడిని పుస్తకానికి తగినట్లు చేయాలనుకున్నారు. పోనుపోను, బాగుచేయవలసింది పుస్తకాన్నీ పాఠాన్నీ అని వాళ్ళకు తేలింది. వాళ్ళు చెప్పే మూడు మాటలు ఇవి: పిల్లవాడికి పాఠం మీద మనసు పడడానికి ఒకటికి మించిన దారులుండాలి, విషయం అందడానికి ఒకటికి మించిన దారులుండాలి, నేర్చుకున్నది చూపించడానికి ఒకటికి మించిన దారులుండాలి.

మారియా మాంటిసోరి కూడా ఈ దారిలోనే నడిచింది. రోములో మానసిక ఎదుగుదల తక్కువైన పిల్లల కోసం చేసిన పరికరాలనే ఆమె 1907 నుంచి మామూలు పిల్లల బడిలోకి తెచ్చింది. గరుకు కాగితంతో కోసిన అక్షరాల మీద వేలు తిప్పడం వాటిలో ఒకటి. 1939లో మద్రాసు అడయారు వచ్చి మన దేశపు టీచర్లకు శిక్షణ ఇచ్చింది. నేను చూపు తక్కువైన పిల్లవాడి కోసం అట్టల మీద జిగురు పూసి పెన్న ఇసుక చల్లి అక్షరాలు చేసినప్పుడు, తరగతిలోని పిల్లలందరూ వాటి కోసం పోటీపడ్డారు. కళ్ళు మూసుకుని వేలితో అక్షరం గుర్తుపట్టడం వాళ్ళకు ఆట అయింది. 'ఘ'కూ 'ఝ'కూ తికమకపడేవాళ్ళకు ఆ ఆటతోనే తేడా తెలిసింది.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం యూనివర్సల్ డిజైన్‌ను నిర్వచించి చెప్పింది. వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. దానివల్ల చదవడంలో, రాయడంలో ప్రత్యేకమైన ఇబ్బందులున్న పిల్లలు కూడా మొదటిసారి లెక్కలోకి వచ్చారు. మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లున్నారు. నాడు-నేడు పథకం కింద చాలా బడులకు మరుగుదొడ్లు, మంచినీళ్ళు, కొత్త బల్లలు వచ్చాయి.

ఇక మిగిలిన పని

రెండువందల ఏళ్ళ ఈ కథలో వాకిలి తీసినవాళ్ళు ఒకరు, పాఠం మార్చినవాళ్ళు ఒకరు. ఇప్పుడు వాకిళ్ళన్నీ చట్టప్రకారం తెరిచే ఉన్నాయి. 2009 విద్యాహక్కు చట్టం తరువాత ఏ బిడ్డనూ కాదనే వీలు లేదు. అయితే లోపలికి వచ్చిన బిడ్డకు ఎదురయ్యే పాఠం ఇంకా ఒక్కరికోసం రాసినట్లే ఉంది. బాగా చూసే, బాగా వినే, గబగబా రాసే, రోజూ వచ్చే, పుస్తకపు తెలుగు మాట్లాడే ఒక పిల్లవాడిని ఊహించుకుని ఆ పాఠం తయారవుతోంది. నేను చెప్పిన తరగతుల్లో ఏ ఒక్కదానిలోనూ అట్లాంటి పిల్లలు సగానికి మించి లేరు.

ప్రత్యేక అవసరాల పిల్లవాణ్ణి భవిత కేంద్రానికి పంపి, వాడి సంగతి వాళ్ళు చూసుకుంటారులే అనుకోవడం సరిపోదు. వాడు రోజులో ఎక్కువ సేపు ఉండేది మన తరగతిలోనే. అందుకని కొత్త టీచర్లను నేను అడిగేది ఒకటే. పాఠ్య ప్రణాళిక రాసేటప్పుడే మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఉదాహరణకు వరిపంట పాఠమే తీసుకోండి. ఎన్ని దారుల్లో అందుతుంది? నారుమడి నుంచి కోత దాకా బొమ్మలు వరుసగా గోడ మీద ఉండాలి, వడ్లు, బియ్యం, ఊక చేతికి తగలాలి, ఊరి రైతు ఒకాయన వచ్చి తన మాటల్లో చెప్పాలి. పిల్లలు దేనితో జవాబు చెబుతారు? ఒకరు రాస్తారు, ఒకరు చెబుతారు, ఒకరు బొమ్మలను సరైన వరుసలో పెడతారు, ఒకరు నాట్లు వేసే తీరు చేసి చూపిస్తారు, అందరికీ మార్కు ఒకే విలువతో పడాలి. ఈ పాఠం మీద వాళ్ళకు మనసెందుకు పడుతుంది? వాళ్ళ అమ్మ ఆ మడిలోనే నాటేసి వచ్చింది గనక. ఇంతకు మించి ఖరీదైన సామగ్రి ఏదీ అక్కర్లేదు.

నెలనెలా జరిగే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక్క పాఠాన్నైనా భవిత టీచరును పక్కన కూర్చోబెట్టుకుని అందరూ కలిసి ఇట్లా తయారుచేస్తే, ఏడాదిలో మండలానికంతటికీ సరిపోయే పాఠాలు పోగవుతాయి. ఉపాధ్యాయ కేంద్రాల రోజుల్లో మేము చేసిన పనే అది, ఇప్పుడు చట్టం తోడుంది, ఫోన్లున్నాయి, చదువుకున్న తల్లులున్నారు. జూన్‌లో బడి తెరిచేనాటికి ఏ పిల్లవాడు వస్తాడో మనకు తెలియదు. చూపు లేనివాడు రావచ్చు, నత్తి ఉన్నవాడు రావచ్చు, ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చిన కూలివాళ్ళ బిడ్డ రావచ్చు. వాళ్ళు వచ్చిన తరువాత ఏదో ఒకటి సర్దుబాటు చేద్దామనుకుంటే, ఆ సర్దుబాటు అయ్యేలోపే వాళ్ళు వెనుక బెంచీకి, ఆ తరువాత బయటికి పోతారు. వాళ్ళ పేర్లు రిజిస్టరులోకి ఎక్కకముందే పాఠంలో వాళ్ళకు చోటు సిద్ధం చేయడం టీచరు వృత్తికి పునాది. కనకమ్మ, సుందరయ్య, రాఘవయ్య తీసిపెట్టిన వాకిళ్ళలోంచి వస్తున్న పిల్లలకు మన తరం టీచర్లు తీర్చవలసిన బాకీ అది.